చక్కెర చరిత్రయు స్థూలకాయుని పథ్యమును



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము చక్కెర. ఇది వైద్యులు చెప్పవలసిన మాట గదా, పాఠశాలలో చరిత్ర చెప్పుకొని విశ్రాంతి గైకొన్న పంతులున కిందేమి పని యని మీరనవచ్చును. వైద్యము చెప్పుటకు నాకధికారము లేదు; చెప్పబోను. కాని చక్కెరకొక చరిత్ర కలదు. మనుష్యుని యొడలు బలిసి, ఆ బలుపే రోగమునకు మూలమగుటకును ఒక చరిత్ర కలదు. ఈ రెండును ఎచ్చట కలిసికొనెనో, తీపి తగ్గించినవారి శరీరములయందు ఏ మార్పులు కనబడెనో వరుసగా చెప్పుట చరిత్ర చదివినవాడు చేయదగిన పనియే.

మన కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములు కరువు నెఱిగిన నేలలు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువులో కర్నూలు జిల్లా మిక్కిలి నష్టపోయిన జిల్లాలలో నొకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర, కరువుపనులలో దిగిన కూలివానికి దినమునకొక పౌను ధాన్యమును, స్వల్పమైన కాసులును చాలునని కూలి తగ్గించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దొర, ఆ తిండితో పనిచేయు మనుష్యుడు నిలువజాలడని ఎదురువాదము చేసెను. మనుష్యుడు బ్రతుకుటకెంత తిండి కావలెనను ప్రశ్నపై మన నేలమీద జరిగిన వాద మది.

అట్టి నేలలో “వాడు ఒళ్ళు చేసినాడు” అనుట పొగడ్త యయ్యెను. అల్లుడు వచ్చినప్పుడు ఓళిగలపై నెయ్యి కుమ్మరించి, చాలుననినను వినక మఱొకటి వడ్డించుట ప్రేమ యయ్యెను. ఏటికి నాలుగైదు పండుగలకు మాత్రమే తీపి దొరకు కాలమున ఆ వాడుక తప్పు గాదు. మిగిలిన దినములలో జొన్నరొట్టె, కొఱ్ఱన్నము తిని చేనిలో నడుము వంచినవానికి ఆ తీపి ఏ కీడును చేయలేదు. కాలము మారినది. వాడుక మాత్రము మారలేదు. నేటి చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఈ చిక్కు చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతటను లక్షకు పైబడిన వయోజనులను పరీక్షింపించి 1923లో గాక, మొన్న 2023లో ప్రకటించిన లెక్కలనుబట్టి మనదేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వాకిట నిలిచి లోపలికడుగు పెట్టనున్నవారు 13 కోట్లకు పైబడినారు. నడుము చుట్టుకొలత హద్దు మీఱినవారు వయోజనులలో నూటికి ముప్పదితొమ్మండ్రుగురు. ఇది పట్టణపు ధనికుల జబ్బని యనుకొను కాలము గతించినది. అదే మండలివారి అధ్యయనమున, సంపన్న రాష్ట్రముల పట్టణములలో ధనికులకంటె పేదలయందే ఈ వ్యాధి హెచ్చుగా నున్నట్లు 2017లోనే తేలినది. కాలిపుండు మానక వ్రేళ్లు పోగొట్టుకొన్నవారిని, చూపు మందగించినవారిని మన వీధులలోనే చూచుచున్నాము.

ఇక పూర్వులు చెప్పినది చూతము. చరక సుశ్రుత సంహితలు ప్రమేహమును ఇరువది విధములుగా విభజించినవి. అందు మధుమేహ మొకటి. రోగి మూత్రమునకు చీమలు మూగునని చరకుడు గుర్తించెను. మూత్రములోని తీపిని యంత్రములేవియు లేని కాలమున చీమలచేత పరీక్షింపించిన సూక్ష్మదృష్టి యది. ఈ వ్యాధి రెండు తెఱగులని సుశ్రుతుడు చెప్పెను: పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యముచేత తెచ్చుకొన్నది యొకటి. మొదటివాడు కృశించి యుండును, కొంచెమే తినును, దప్పిక హెచ్చు. రెండవవాడు లావుగా నుండును, హెచ్చుగా తినును, పడకయు, ఆసనమును, నిద్రయు వానికి ప్రియములు. నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చేయుచున్న విభాగమునకు ఇది చాల దగ్గఱగా నున్నది.

కారణములు చెప్పుచోట చరకుడు సుఖాసనము, సుఖనిద్ర, పెరుగు, క్రొత్తధాన్యము, బెల్లముతో చేసిన పదార్థములు అని యెన్నినాడు. బెల్లముతో చేసినవను మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనికి మరల వత్తును. చికిత్సలో యవధాన్యము, శ్యామాకములు, కోద్రవములు, అనగా మన సామలు, ఆరికలవంటివి తినుమనిరి. పేదవాడైన రోగి గొడుగును చెప్పులును లేక నూఱు యోజనములు నడువవలెననియు, నూయి త్రవ్వవలెననియు సుశ్రుతుడు చెప్పినాడు. మాటను మాటగా పట్టుకొని నేడు చెప్పులు లేక నడచిన మధుమేహి కాలు పోగొట్టుకొనును, అది కూడదు. ఆ విధిలోని తాత్పర్య మొక్కటే: తీపియు సుఖమును తగ్గింపుము, ముతకధాన్యము తినుము, ఒడలు వంచుము.

చక్కెర పుట్టినిల్లును మనదేశమే. శర్కర యనగా మొదట సన్నని గులకఱాయి. చెఱకురసమును కాచి గడ్డకట్టించి పలుకులుగా చేయు విద్య మనవారు కనిపెట్టినందున ఆ పలుకులకా పేరు వచ్చినది. క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమున అలెగ్జాండరు వెంట వచ్చిన యవనులు, తేనెటీగలు లేకయే తేనె నిచ్చు రెల్లును జూచితిమని ఆశ్చర్యముతో వ్రాసికొనిరి. క్రీ.శ. 647లో చీనా చక్రవర్తి చక్కెర వండు పద్ధతి నేర్చుకొనుటకై మగధకు దూతల నంపెను. మన శర్కర పారసీకమున షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయినది. మన ఖండము పశ్చిమమునకు పోయి కాండీ యయినది. తెలుగున చక్కెర, కలకండ అను రెండు మాటలును ఆ వంశములోనివే.

1493లో కొలంబసు తన రెండవ యాత్రలో చెఱకుగడలను అమెరికా దీవులకు కొనిపోయెను. అటుపిమ్మట చక్కెర చరిత్ర కన్నీటి చరిత్ర. ఆ తోటలలో పనికై ఆఫ్రికా ఖండమునుండి లక్షలకొలది మనుష్యులను బానిసలుగా కొనిపోయిరి. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును నిషేధించు శాసనము 1833లో పుట్టి మఱుసటి యేట అమలులోనికి వచ్చెను. తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. వారి చూపు మన దేశముపై బడెను. 1834 నుండి మారిషసునకు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు, 1879 నుండి ఫిజీ దీవులకు మనవారు ఒప్పందపు కూలీలుగా పోయిరి. నేటాలునకు తొలుత పోయిన ట్రూరో అను ఓడ మదరాసు రేవునుండియే బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరెను. ఈ వలసలలో తెలుగువారును పెక్కుమంది కలరు. మారిషసులో తెలుగువారికి కోరంగి రేవు పేరుమీద కొరంగీలను పేరు వచ్చినది.

ఆ కూలీల మనుమలు పట్టణములు చేరి, చెఱకు నఱకుట మాని, బల్లలయొద్ద కూర్చుండి చేయు పనులలో కుదురుకొనిన పిమ్మట వారిలో మధుమేహము ప్రబలెను. డర్బనులో మధుమేహ రోగులను చూచుచుండిన క్యాంబెల్ అను వైద్యుడు నేటాలు భారతీయులయందు ఈ వ్యాధి అధికముగా నుండుట గమనించెను. నౌకాదళ వైద్యుడైన క్లీవ్ అనునాతనితో కలిసి 1966లో ఒక గ్రంథము ప్రకటించి, శుద్ధిచేసిన చక్కెరయు, పొట్టు తీసిన పిండియు దీనికి మూలమని వాదించెను. చక్కెర యొక్కటియే కారణమని యందఱును అంగీకరింపలేదు. ఒడలి బరువు, పని తగ్గుట, వంశగుణము కూడ చేరినవని ఇతరు లనిరి. ఆ అభ్యంతరము న్యాయమైనదే. మారిషసులో 1987లో జరిగిన పరీక్షయందు భారతీయులలోనే గాక, ఆఫ్రికా సంతతివారిలోను, చీనా సంతతివారిలోను ఇంచుమించు సమానముగానే మధుమేహము కనబడెను. కాబట్టి ఇది ఒక జాతికి వచ్చిన శాపము కాదు. బ్రతుకుతీరు మారిన ప్రతిచోటను వచ్చునదే.

ఇక తీపి తగ్గించి చూచినవారి చరిత్ర. ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ మధుమేహి మూత్రము తియ్యగా నుండునని వ్రాసెను. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరయేనని ఆ మూత్రము నింకించి చూపెను. 1797లో జాన్ రోల్లో అను సైనిక వైద్యుడు మెరిడిత్ అను స్థూలకాయుడైన సేనాధికారికి తాను చేసిన చికిత్సను ప్రకటించెను. మాంసాహారము ప్రధానముగా పెట్టి, ధాన్యములను తీపిని మిక్కిలి తగ్గింపగా, అతని బరువు తగ్గినది. మూత్రములోని చక్కెరయు తగ్గినది. లావైన మనుష్యుని తిండి మార్చి రోగము తగ్గుట చూచిన తొలి వ్రాతలలో నిది యొకటి.

1863లో లండనులో విలియం బాంటింగ్ అను వ్యాపారి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఇతడు వైద్యుడు కాడు. శవసంస్కార సామగ్రి సమకూర్చు వృత్తివాడు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళములు, బరువు 202 పౌనులు. వంగి చెప్పుల త్రాడు కట్టుకొనలేని స్థితి. వైద్యుడు హార్వే సలహాపై రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఉర్లగడ్డలు మానగా, ఏడాది గడచుసరికి 46 పౌనులు, అనగా మన లెక్కలో 21 కిలోలు తగ్గెను. ఆ పుస్తక మెంత ప్రసిద్ధమయ్యెననగా ఇంగ్లీషులో పథ్యము చేయుటకు ఇతని పేరే క్రియగా మారెను. తరువాత ఇన్సులిను కనుగొన్న బాంటింగు వేఱు, ఇతడు వేఱు.

1870–71లో జర్మనుల ముట్టడిలో పారిసు నగరమున తిండి కఱవయ్యెను. అచ్చటి వైద్యుడు బూషార్దా, తన మధుమేహ రోగులలో పెక్కుమందికి మూత్రమున చక్కెర తగ్గుట గమనించెను. కరువు వేసిన పథ్యమది. లంఖణము పరమౌషధమను మన సామెత ఫ్రాన్సులో ఫిరంగుల నడుమ ఋజువైనది.

1921లో టొరాంటో నగరమున ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనువారు ఇన్సులినును రాబట్టిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల లెనార్డ్ థాంప్సన్ అను బాలునకు అది మొదట నెక్కించిరి. మృత్యుముఖమున నున్న పిల్లలు లేచి కూర్చుండిరి. మానవజాతికి అంతటి మేలు చేసినవారు కొలదిమందియే. కాని ఆ మందు వచ్చిన పిమ్మట మఱొక వెలితి ఏర్పడినది: మందున్నది గదా, పథ్యమెందులకను భావము జనులలో వ్యాపించినది. ఇన్సులిను కొఱవడిన మొదటి రకమువానికి మందు ప్రాణాధారము. తిండిచేత తెచ్చుకొన్న రెండవ రకమువానికి మందు ఎంత అవసరమైనను పథ్యము దాని ప్రక్కన నుండితీరవలెను.

మన సీమలో జరిగిన మార్పును జూడుడు. 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ శాసనము వచ్చిన పిదప దేశమున కర్మాగారములు త్వరత్వరగా పెరిగినవి. 1933లో విశాఖ మండలమున ఏటికొప్పాక సహకార చక్కెర కర్మాగారము వెలసెను. తరువాత కొలది యేండ్లకే నైజాము రాష్ట్రమున బోధనునొద్ద మఱొక పెద్ద కర్మాగారము వెలసి, ఆ తావునకు శక్కర్‌నగరమను పేరు తెచ్చెను. కోమటి అంగడిలో పొట్లము కట్టి అపురూపముగా ఇచ్చు చక్కెర, గోతములలో వచ్చుట ఆరంభమయ్యెను. 1953లో తుంగభద్ర జలాశయమునకు నీరు నిలిచినది. దాని దిగువ కాలువ మన ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు చేలకు తడి తెచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి, జొన్నలు కొఱ్ఱలు తినుచుండిన యిండ్లలో వరియన్నము నిత్యభోజన మయ్యెను. ఆకలి తీరుట గొప్ప మేలు. దానిని నేను నిందింపను. కాని ఒకవంక ముతకధాన్యము పోయి తెల్లని అన్నమును, రెండవవంక చక్కెరయు వచ్చినవి. మూడవవంక మోట పోయి మోటారు వచ్చినది, నడక పోయి ఫటఫటలాడు బండి వచ్చినది. నాలుగును ఒకే తరములో జరిగినవి.

చక్కెర ఒడలిలో చేయు పనియేమి? వైద్యులు చెప్పునది నేనెఱిగినంతలో విన్నవింతును. మనము వాడు చక్కెరలో రెండు భాగములు కలవు: గ్లూకోసు సగము, ఫ్రక్టోసు సగము. గ్లూకోసును దేహమంతయు వాడుకొనును. ఫ్రక్టోసును ముఖ్యముగా కాలేయమే చక్కబెట్టవలెను. పని చేయువాని ఒడలిలో ఈ యిచ్చిన ఇంధనము ఖర్చగును. కండరములు శక్తిని ఏ రూపమున నిలువజేయునో తెలిసికొనుటలో మన తెలుగువాడు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కెతో కలిసి హార్వర్డు విశ్వవిద్యాలయమున గొప్ప కృషి చేసిరి. ఖర్చు లేనివాని యొడలిలో మాత్రము కాలేయము మిగులును క్రొవ్వుగా మార్చును. గాదె నిండిన రైతు ధాన్యమును వసారాలో పోయునట్లు, చర్మము క్రింద తావు చాలక క్రొవ్వు కాలేయమునందును, ప్రేవుల చుట్టును చేరును. అప్పుడు ఇన్సులిను ఉండియు దాని మాట ఒడలు వినదు. రక్తమున చక్కెర పెరుగును, ట్రైగ్లిసరైడులను క్రొవ్వు పెరుగును, రక్తపుపోటు పెరుగును. మనవారిలో పైకి సన్నగా నుండియు లోపల క్రొవ్వు గలవారు హెచ్చని పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు చూపిరి. కావుననే మనకు నడుము కొలత ముఖ్యము: పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటరాదని హద్దు. మొలత్రాడు బిగుసుకొనుచున్నదను మాటను నవ్వులాటగా త్రోసివేయరాదు.

తీపి తగ్గించిన ఫలమేమని ఈ కాలపు పరిశోధకులు తూచి చూచిరి. మొదటిది: వయోజనులపై జరిగిన పెక్కు పరీక్షలను ఒక్కచోట చేర్చి 2013లో ప్రకటించిన లెక్కలలో, ఇష్టము వచ్చినట్లు తినువారు చక్కెర తగ్గింపగా బరువు సగటున కిలోకు కొంచెము తక్కువగా తగ్గినది. చక్కెర తీసివేసి, దాని శక్తికి సరిపోవునంత వేఱు పిండిపదార్థము పెట్టినప్పుడు బరువు మారలేదు. ఇది మనము శ్రద్ధతో వినవలసిన మాట. టీలో చక్కెర మాని, ఆ వెలితిని నాలుగు బజ్జీలతో పూడ్చుకొన్నవాడు ఏమియు సాధింపడు.

రెండవది: 2012లో డెన్మార్కున బరువు హెచ్చిన 47గురు వయోజనులను నాలుగు గుంపులు చేసి, ఆఱునెలలు దినమునకొక లీటరు చొప్పున ఒక గుంపునకు తీపి కోలా, ఇతరులకు పాలు, తీపి లేని కోలా, నీరు ఇచ్చిరి. ఒడలి మొత్తము క్రొవ్వులో గుంపుల నడుమ చెప్పదగిన భేదము లేదు. కాని తీపి కోలా త్రాగినవారి కాలేయమునందును, ప్రేవుల చుట్టును క్రొవ్వు పెరిగినది. రక్తమున ట్రైగ్లిసరైడులు పెరిగినవి. అనగా త్రాసు చెప్పని చెడుపు లోపల జరుగవచ్చును.

మూడవది: 2017లో బ్రిటనులో రాయ్ టేలర్, మైక్ లీన్ అను వైద్యులు, రెండవ రకము మధుమేహము వచ్చి ఆఱేండ్లు దాటని స్థూలకాయులకు కొన్ని నెలలపాటు దినమునకు సుమారు 850 కేలరీల పథ్యమిచ్చిరి. ఏడాది ముగియుసరికి నూటికి 46గురు మందులు లేకయే మధుమేహపు హద్దునకు లోబడిరి. పదునైదు కిలోలు, అంతకు మించియు తగ్గినవారిలో నూటికి 86గురికి ఈ ఫలము దక్కినది. ఇది చక్కెర యొక్కటియే మానిన ఫలము కాదు. మొత్తము తిండి తగ్గిన ఫలము. ఒకసారి వచ్చిన యీ జబ్బు తిరిగి పోదను నిరాశను మాత్రము ఇది పోగొట్టినది.

నాల్గవది మనకు దగ్గఱిది. చెన్నపట్టణమున రామచంద్రన్ గారి బృందము, మధుమేహపు వాకిట నున్నవారిపై మూడేండ్లు పరీక్ష జరిపి 2006లో ప్రకటించిరి. చక్కెర, అన్నము, నూనెలు తగ్గించి, నడక మొదలిడిన గుంపులో మధుమేహములోనికి దిగుట మామూలు గుంపుకంటె నూటికి 28 పాళ్లు తగ్గినది. మందులు గాని, సీమసరకులు గాని అక్కఱలేకయే కలిగిన మేలిది.

అయిదవది చరిత్రయే చేసిన పరీక్ష. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో చక్కెరకు కట్టడి పెట్టిరి. 1953 సెప్టెంబరులో ఎత్తివేసిరి. ఎత్తివేసిన వెంటనే చక్కెర వాడుక ఇంచుమించు రెట్టింపయ్యెను. తల్లిగర్భమునను, తొలి రెండేండ్లును కట్టడి కాలమున గడపినవారిని, తరువాత పుట్టినవారిని వారి ముదిమిలో పోల్చి చూచి 2024లో ప్రకటించిరి. కట్టడిలో పెరిగినవారికి మధుమేహము సుమారు మూడవవంతును, రక్తపుపోటు అయిదవవంతును తక్కువ. ఇది స్థూలకాయులైన పెద్దలకు సంబంధించినది కాకపోయినను, మనుమనికి ఉగ్గుగిన్నెలో చక్కెర కలుపు అవ్వలు తాతలు వినవలసినది.

ఇక కొన్ని ఆక్షేపణలు. “చక్కెర మానితిమి, బెల్లము వాడుచున్నాము” అని పలువురు సంతోషింతురు. బెల్లమున కొంచెము లోహలవణములున్నను, దానిలో అధికభాగము అదే చక్కెర. చరకుడు బెల్లపు వంటకములను కారణములలో ఎన్నినాడని యింతకుముందు చెప్పితిని గదా. తేనెయు అట్టిదే. పండు కొఱికి తిన్న నారయు దానితో చేరును; పిండి పంచదార చల్లి త్రాగిన రసము వేఱు. చక్కెర లేని కృత్రిమపు తీపులను బరువు తగ్గుటకై నమ్ముకొనవలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో చెప్పినది. “చక్కెర లేకున్న బలమెట్లు?” అనువారికి సమాధానము: అన్నము, రొట్టె, పప్పులనుండి దేహము తనకు కావలసిన గ్లూకోసును తానే తయారుచేసికొనును.

ఎంత వాడవచ్చును? 1918లో కూనూరున ఒక చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనలలో దినమునకు 20 మొదలు 25 గ్రాములలోపు చాలుననిరి. చిన్న చెంచాతో అయిదు. ఇప్పుడు మన లెక్క వేయుడు. ప్రొద్దున లేచిన వెంటనే ఒక టీ, చేనికి పోవునప్పుడొకటి, బస్సు నిలుచుచోట స్నేహితుడు పిలిచినప్పుడొకటి, మధ్యాహ్నమొకటి, రచ్చకట్టయొద్ద సాయంకాల మొకటి. టీకి రెండు చెంచాల చొప్పున పది చెంచాలు. నలువది గ్రాములకు తక్కువ గాదు. పండుగ రాకముందే, మిఠాయి ముట్టకముందే హద్దు దాటితిమి. ఏడాదికి లెక్కవేసిన పదునాలుగు కిలోలకు పైమాట. సీసాలోని రంగుల శీతలపానీయ మొక్క మూడువందల మిల్లీలీటర్లు త్రాగినచో ముప్పది గ్రాములు దానిలోనే యున్నవి. మన పూర్వులు ఏడాదిపొడుగున తినని తీపిని మనము తెలియకయే త్రాగుచున్నాము.

కావున పెద్దలకు నా విన్నపము. తీపిని ఇల్లు వెడలగొట్టుమని నేననను. ఉగాదినాటి ఓళిగ, మంత్రాలయపు పరిమళ ప్రసాదము మన బ్రతుకులో నుండవలసినవే. పోవలసినది ప్రతిదినపు తీపి. టీలో రెండు చెంచాలనుండి ఒకటిన్నరకు, కొన్ని వారములకు ఒకటికి, తరువాత అరకు దిగుడు. నాలుక త్వరలోనే అలవాటుపడును. శీతలపానీయమునకు మాఱుగా మజ్జిగ, కుండనీరు అతిథికిండు. అన్నములో కొంత తగ్గించి జొన్నరొట్టె, కొఱ్ఱలు, సామలు తిరిగి పళ్లెములోనికి రానిండు. అవియు పిండిపదార్థములే గనుక మితముగానే తినుడు. హంద్రి యొడ్డువరకు చెప్పులు తొడిగికొనియే నడువుడు. విందులో “చాలు” అన్నవానికి మరల వడ్డించుట మర్యాద యను భావమును మొదట మానవలసినవారు పెద్దలే. పెద్దలు మానిన ఇంట పిన్నలు మానుదురు.

ఒక్క హెచ్చరిక మఱవకుడు. మధుమేహమునకు బిళ్లలు గాని, ఇన్సులిను గాని పుచ్చుకొనువారు వైద్యుని అడుగకుండ ఒక్కసారిగా తిండి తగ్గింపరాదు. మందు ఎప్పటివలెనే యుండి తిండి తగ్గినచో రక్తమున చక్కెర పడిపోయి చెమటలు, వణకు, మూర్ఛ కలుగవచ్చును. పథ్యము మార్చునప్పుడు మందుమోతాదును వైద్యుడు మార్చవలెను. తనంత తాను మందు మానుట అంతకంటె పెద్ద ప్రమాదము.

ధాత కరువులో మన ముత్తాతలు తిండి లేక మడిసిరి. వారి వంశమున మిగిలిన మనము తిండి మితిమీఱి మడియుట వారికి గౌరవము కాదు. ఎంత తిండి కావలెనని ఆనాడు టెంపుల్, కార్నిష్ దొరలు మనలను గూర్చి వాదించుకొనిరి. ఆ నిర్ణయము మన చేతిలో లేదు. నేడు కొలత మన చేతిలోని చెంచాయే. ఇంటికి పోయి రేపటి ఉదయపు టీ నుండి ఆ చెంచాను కొంచెము వెలితిగా ముంచుడని కోరుచున్నాను.